ఫ్యాన్ పక్కన మనిషి

ఇంజను మోగగానే అతను ప్రత్యక్షమయ్యాడు.

ఇది మూడోసారి.

ఈ పూట స్టార్ట్ చేస్తానని వెర్లిన్ ఎవరికీ చెప్పలేదు. అయినా బూడిద రంగు ఓవరాల్‌లో ఆ ముసలాయన కారు ఎడమ చక్రం దగ్గర, సరిగ్గా ఇంజను ముందు తిరిగే ఫ్యాన్ పక్కన నిలబడి ఉన్నాడు. గ్యారేజీ తలుపు చప్పుడు కాలేదు. అడుగుల చప్పుడూ లేదు.

అతను ఇంజను వైపు చూడడు. స్టీరింగు ముందు కూర్చున్న వెర్లిన్ తల్లి ఓపల్ వైపే చూస్తాడు.

"మెల్లగా తొక్కండమ్మా," అంటాడు. అంతే.

ఓపల్‌కి ఎనభై ఒకటి. ఫ్లింట్ ఊళ్లో ఇంజన్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పిస్టన్లు బిగించిన మనిషి. ఎలా తొక్కాలో ఆవిడకి ఒకరు చెప్పాలా? ఆ మాటే మొహం మీద అనేసింది కూడా.

కారు ఆవిడ పెద్దకొడుకు లైల్‌ది. అరవై తొమ్మిది మోడల్, పెద్ద ఇంజనుతో దూసుకుపోయే మజిల్ కారు. లైల్ చలికాలంలో పోయాడు. సోమవారం ఓపల్‌కి గుండె ఆపరేషన్. దానికి ముందే, శనివారం సాజినా వీధి పాత కార్ల ఊరేగింపులో పెద్దాడి కారెక్కి తిరుగుతాను, తర్వాత ఎక్కడ కోసుకుంటారో కోసుకోండి, లేకపోతే ఆపరేషన్ బల్ల ఎక్కనని డాక్టరుకి తేల్చి చెప్పింది. వాయిదా పడితే ఆమె దక్కదని డాక్టరు వెర్లిన్‌ని పక్కకి పిలిచి చెప్పాడు.

అందుకే వెర్లిన్ రెండు నెలలు ఆ ఇంజనుతోనే బతికాడు. ఎనిమిది సిలిండర్లూ కొత్తగా బోరు కొట్టించాడు. పిస్టన్లు మార్చాడు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, వేగం నిమిషానికి మూడు వేల చుట్లు దాటితే చాలు, ఇంజను తడబడుతోంది. ఒకరు లోపల యాక్సిలరేటర్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు నిప్పురవ్వ సరైన క్షణంలో పడుతోందో లేదో చూపే టైమింగ్ లైటు వేసి, ఫ్యాన్ వెనక ఇంజను పుల్లీ మీద గీతని చూడాలి. ఆ గీత తిన్నగా కనిపించే చోటు ఒక్కటే.

ముసలాయన నిలబడేది అక్కడే.

జరగమంటే జరగడు. వెర్లిన్ కుడి పక్క నుంచి వంగి, మెడ తిప్పి చూసేవాడు. గీత సగమే కనిపించేది. పని సగమే అయ్యేది.

రెండోరోజు ముసలాయన, ఆ ఫ్యాన్ పాతది బాబూ, మార్చు అన్నాడు.

"ఇక్కడ పాతది కానిదేముంది పెద్దాయనా? నేనూ పాతవాణ్ణే," అన్నాడు వెర్లిన్.

పల్చటి ఉక్కు రెక్కల ఫ్యాన్ అది. లైల్ తన చేత్తో బిగించాడు. అది మారిస్తే కారే ఎక్కనంది ఓపల్. వెర్లిన్ విప్పి, తుడిచి, వెలుగులో పెట్టి చూశాడు. పగులేమీ కనిపించలేదు. మళ్లీ బిగించాడు.

పక్క షెడ్డులో గేరుబాక్సులు బాగుచేసే క్లీటస్‌కి ముసలాయన సంగతి తెలుసు. కోనీ డాగ్ అనే సాసేజి రొట్టె నములుతూ గొంతు తగ్గించాడు.

"వాణ్ణి రానివ్వకురా. శకునపక్షి వాడు. చుట్టుపక్కల ఏ గ్యారేజీలో పాత ఇంజను మోగినా వచ్చి అక్కడే నిలబడతాడు. పక్కూరు బర్టన్‌లో ఒక షాపులో వారం నిలబడ్డాడు. మెడబట్టి గెంటేశారు. మర్నాడే ఆ షాపాయనకి కన్ను పోయింది."

అమ్మ గుండె, శనివారం, ఈ మనిషి. మూడూ కలిపి తలుచుకుంటే వెర్లిన్‌కి భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ముసలాయన మళ్లీ వచ్చాడు. వెర్లిన్ అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. నీ దిష్టి మా అమ్మ మీద పడనివ్వనన్నాడు.

"అయితే నువ్వూ అక్కడ నిలబడకు బాబూ," అన్నాడు ముసలాయన.

వెర్లిన్ తలుపు వేసేశాడు. లైటు తీసుకుని మొదటిసారి ఆ చోట నిలబడ్డాడు. గీత అద్దంలా కనిపించింది. కారులో ఓపల్ మెల్లగా తొక్కుతోంది. ఒకటిన్నర వేలు. రెండు వేలు. టైమింగ్ సరిచేయడానికి చేత్తో డిస్ట్రిబ్యూటర్‌ని కొద్దిగా తిప్పాడు.

ఒక భుజం వచ్చి అతన్ని పక్కకి నెట్టింది. ముసలాయనే. తను వేసిన తలుపు తీసి ఉంది.

వెర్లిన్‌కి ఒళ్లు మండిపోయింది.

"సరే, అక్కడే చావు," అని కుడి పక్కకి వెళ్లిపోయాడు. తొక్కమని తల్లికి సైగ చేశాడు.

ఓపల్ తొక్కింది.

మూడు వేలు దాటింది. ఇంజను తడబడలేదు. ఓపల్ మొహం విప్పారింది. ఇంకాస్త తొక్కింది.

టప్‌మని ఒక చప్పుడు. అంతే.

ఫ్యాన్‌కి ఒక రెక్క లేదు. ముసలాయన చక్రం పక్కన కూలిపోయి ఉన్నాడు. ఛాతీ నుంచి రక్తం వస్తోంది. కళ్లు మాత్రం వెర్లిన్‌ని వెతికి, నిలబడి ఉన్నాడని చూసుకుని, మూతబడ్డాయి. అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది.

శనివారం ఊరేగింపు వెర్లిన్, ఓపల్ లేకుండానే సాగిపోయింది.

ఆదివారం పొద్దున ముసలాయన కూతురు జోలీన్ వచ్చింది. నాన్న ఎక్కడ పడిపోయాడో చూడాలంది. వెర్లిన్ చూపించాడు. అక్కడే చావు అని తను అన్న మాట ఆమెకి చెప్పేశాడు, ఏడ్చాడు.

ఓపల్ కారు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆవిడ కుడికాలు వణుకుతూనే ఉంది.

"మమ్మల్ని ఎరగడు కదమ్మా మీ నాన్న. ఎందుకు నిలబడ్డాడమ్మా అక్కడ?"

జోలీన్ వంగి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇరవై రెండేళ్ల కిందట మా ఇంట్లో లైటు పట్టుకుని ఇలాగే పాత ఫ్యాన్ పక్కన నిలబడింది మా అన్న. యాక్సిలరేటర్ తొక్కింది మా నాన్న."