మూడో అమ్మ డైలాగు

"కట్! మూడో అమ్మా, ఎవరి పిల్లను పట్టుకున్నావమ్మా?"

డైరెక్టరు అరుపుకి మూడో అమ్మ ఉలిక్కిపడి చేతులు వదిలేసింది. ఆ చేతుల్లోంచి ఒక బక్కపిల్ల బయటపడింది. అసలు రావలసిన బొద్దుపిల్ల ఇంకా సగం దారిలోనే నడుం పట్టుకుని రొప్పుతోంది.

హాస్టలు పిల్లల మీద తీస్తున్న టీవీ కామెడీ సీరియల్ అది. సెలవులకు మూసేసిన హాస్టలు బడి ఒకటి అద్దెకు దొరికింది. ఆ రోజు తీసేది, అమ్మలు పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఆదివారం సీను. గేటు దగ్గర అమ్మలు వరసగా నిలబడాలి, పిల్లలు పరుగెత్తుకొచ్చి వాటేసుకోవాలి. ఏళ్ళ తరబడి గుంపుల్లో నిలబడి కాళ్ళు అరగదీసుకున్నాక మూడో అమ్మకు మొదటిసారి ఒక డైలాగు దక్కింది. "చిక్కిపోయావు తల్లీ!" అంతే. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేక అద్దానికి వినిపించి మరీ వచ్చింది పాపం.

"బొద్దుగా ఉన్నదాన్ని పట్టుకుని చిక్కిపోయావంటేనే కదమ్మా నవ్వొచ్చేది! దీన్ని పట్టుకుని అంటే ఏడుపొస్తుంది," అన్నాడు డైరెక్టరు.

"నేను పట్టుకోలేదు సార్, అదే వచ్చి పడింది."

"ఏయ్ పాపా, మీ అమ్మ ఎన్నో నంబరు?" అసిస్టెంటు గద్దించాడు. బక్కపిల్ల మూడో అమ్మనే చూస్తోంది.

"ఈ పిల్ల గౌను వెలిసిపోయిందేంటి? నేనన్నీ కొత్తవే ఇచ్చానే!" అని గొణుక్కున్నాడు బట్టలు చూసే అతను. వినే తీరిక ఎవరికుంది?

అసిస్టెంటు మళ్ళీ మైకందుకున్నాడు. "అమ్మలొచ్చేశారు! పిల్లలందరూ గేటు దగ్గరికి పరుగెత్తండి!"

ఈసారీ బక్కపిల్లే ముందొచ్చింది. మూడో అమ్మ పొట్టలో మొహం దాచుకుని గట్టిగా పట్టేసుకుంది. ఆమె నోట్లోంచి డైలాగు తనంతట తనే జారింది. "చిక్కిపోయావు తల్లీ..."

ఒక్కరూ నవ్వలేదు.

"ఇంకోసారి ఇలా అయితే ఆ డైలాగు రెండో అమ్మకిచ్చేస్తా!" అన్నాడు డైరెక్టరు. రెండో అమ్మ అప్పుడే జుట్టు సవరించుకోవడం మొదలుపెట్టింది.

మూడో అమ్మకు ఒళ్ళు మండిపోయింది. పిల్లను పక్కకు లాగింది. "ఏంటే నీ గోల? నా నోటికాడ కూడు లాగేస్తావా? పో, మీ అమ్మ దగ్గరికి పో!"

"అందరమ్మల దగ్గరా ఎవరో ఒకరున్నారు," అంది పిల్ల మెల్లగా. "మీ చేతులే ఖాళీగా ఉన్నాయి."

మళ్ళీ మైకు అరిచింది. మళ్ళీ బక్కపిల్ల అందరికంటే ముందు, చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది. మూడో అమ్మ భుజం తిప్పేసుకుంది. పిల్లను దాటుకుని పోయి, ఆయాసపడుతూ వస్తున్న బొద్దుపిల్లను కావలించుకుంది. "చిక్కిపోయావు తల్లీ!"

లైట్లు పట్టుకున్నవాళ్ళతో సహా అందరూ విరగబడి నవ్వారు. "ఓకే! అదిరిందమ్మా!" అన్నాడు డైరెక్టరు. బక్కపిల్ల చాపిన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

సామాను సర్దేశారు. గుంపు వాళ్ళ బస్సు హారన్ కొడుతోంది. అందరూ మెచ్చుకున్నారు, మూడో అమ్మ ఎగిరి గంతెయ్యాలి. ఎందుకో మనసు బాగాలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూసింది. గేటు దగ్గర బట్టలతను బక్కపిల్లతో తగువు పడుతున్నాడు.

"తొందరగా మార్చుకుని ఆ యూనిఫాం ఇచ్చెయ్ పాపా, బస్సు వెళ్ళిపోతోంది!"

"ఇది నాదేనండీ," అంది బక్కపిల్ల. "నేనుండేది ఈ హాస్టల్లోనే. సెలవులకి మిగతా వాళ్ళందర్నీ ఇళ్ళకి తీసుకెళ్ళారు. అమ్మలొచ్చేశారని మీరు మైకులో పిలిస్తే, నాకోసం కూడా వచ్చారేమోనని మేడ మీంచి పరుగెత్తుకొచ్చాను."