రాసిపెట్టే మనిషి

"నీ మనిషి చేత రాయిస్తే అది నీ పరీక్షా, ఆమె పరీక్షా? బయటికి పంపు," అని వీరరాఘవన్ తమిళంలో గద్దించాడు. పుదుచ్చేరిలో ఆ పరీక్షకు పెద్ద ఆయనే.

గంగాభవానికి పుట్టుకతోనే చూపు లేదు. తను చెబుతుంటే రాసిపెట్టడానికి స్నేహితురాలు నాగకుమారిని యానాం నుంచి వెంటబెట్టుకొచ్చింది. టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం, అంధులకు ఒక్కటంటే ఒక్కటి. వచ్చే నెలకు ఆమెకు వయసు దాటిపోతుంది. వికలాంగుల సంవత్సరమని గోడల నిండా కాగితాలు అంటించారు గాని, ఆ పిల్లకు కుర్చీ ఎక్కడుందో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

"గుడ్డిదానివి, ఫోను దగ్గర కూర్చుని ఏం చూస్తావు?"

"ఫోను వినడానికండి, చూడ్డానికి కాదు," అంది ఆమె, మద్రాసు అంధుల బడిలో నేర్చుకున్న తమిళంలో.

వీరరాఘవన్‌కు ఒళ్లు మండింది. "మా ఆఫీసు మనిషే రాస్తాడు. రూలు అంతే. దిద్దేది యానాం మేష్టరు, ఆయనకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. అందుకని తెలుగువాడినే ఇస్తాను. ఏడవకు."

ఆమె ఏడవడం లేదు. నాగకుమారిని బయటికి పంపి తలుపు వేశారు. గుమస్తా పట్టాభిరామన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చెప్పమ్మా, రాస్తాను. మాది తెలుగిల్లే. మూడు నూర్ల ఏండ్లుగా ఈడనే ఉండాము."

ఆ మాట వినగానే గంగాభవానికి సగం ప్రాణం లేచొచ్చింది. "నిదానంగా చెప్పమంటారా బాబాయ్‌గారూ?"

"ఏమొద్దు. నీ పాటికి చెప్పు."

ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయన చదివాడు, ఆమె తెలుగులో జవాబులు చెప్పింది. మూడు గంటలు కలం గరగరలాడుతూనే ఉంది. చివర్లో ఆమెకు ఉన్నట్టుండి బెంగ పుట్టింది.

"ఒక్కసారి చదివి వినిపిస్తారా?"

ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్క మాట పోలేదు, ఒక్క మాట మారలేదు. నాగకుమారి కూడా ఇంత బాగా రాసేది కాదనుకుంది ఆమె. మనసు తేలికపడింది.

"ఈ ఉద్యోగం వస్తే ఇంకెవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదండి నాకు. మీ మేలు మర్చిపోను బాబాయ్‌గారూ," అని దణ్ణం పెట్టి, కర్ర తాటించుకుంటూ తనే మెట్లు దిగి వెళ్లింది.

వీరరాఘవన్ కాగితాలు లెక్కపెట్టబోయి ఆగాడు. తెలుగులో ఓనమాలు కూడా రాని ఆ మనిషి మొదటి పేజీ గడగడా పైకి చదివేశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. కాగితాలన్నీ యానాం కవరులో పెట్టి, లక్క కరిగించి సీలు వేస్తూ అడిగాడు.

"ఏమయ్యా, మొత్తం తమిళ అక్షరాల్లో రాశావే?"

పట్టాభిరామన్ కలానికి మూత పెట్టుకున్నాడు.

"తెలుగు అక్షరాలు మాకు యాడ వచ్చును సార్? తాత కాలం నుంచి మా ఇంట్లో తెలుగు ఉత్తరాలు ఇట్లనే గదా రాసేది."