అలకబావ

అట్ట మీద తన పేరు లేదు. లోపల కృతజ్ఞతల్లోనూ లేదు. అచ్చుకి వెళ్లబోయే పుస్తకాన్ని తిరగేసిన రోజు చీటీలావిడకి తిండి సయించలేదు.

ఆఫీసులో అందరూ ఆమెని చీటీలావిడ అనే అంటారు. పలుకుబడుల నిఘంటువు తయారుచేసే ఆఫీసు అది. ఏ ఊళ్లో దేన్ని ఏమంటారో అడిగి, ఒక్కో పేరూ ఒక్కో అట్టచీటీ మీద రాయడం ఆమె ఉద్యోగం. ముందు వైపు పేరు, అర్థం. వెనక పెన్సిలుతో ఊరు, చెప్పినవారి సంతకం.

పద్దెనిమిదేళ్లలో ఆమెకి పిచ్చి పట్టించింది మాత్రం ఒక్క పురుగు. పెరట్లో తడిమట్టిలో పాకుతుంది. ముట్టుకుంటే గుండ్రంగా చుట్టుకుపోతుంది. రోకలిబండ. ఒకచోట రైలుపురుగు, ఇంకోచోట గాజుపురుగు, మరోచోట చుట్టలమ్మ. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కుక్కలు తరిమితే గోడలెక్కి, నూట పన్నెండు పేర్లు పోగేసింది.

డైరెక్టరు ఆఫీసు గడప దాటి ఎరగడు. చొక్కా ఇస్త్రీ నలగకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. ఆమె సెలవులో ఉన్న వారం బీరువా తెరిపించి, చీటీల ముందు వైపులన్నీ టైపు చేయించి, ‘ఒక పురుగు, నూట పన్నెండు పేర్లు’ అని తన పేరుతో పుస్తకం కట్టేశాడు.

ఆమె ఆయన గదిలోకి వెళ్లి నిలదీసింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

“చీటీలు రాసేవాళ్లంతా రచయితలైపోతే ఎలాగమ్మా?”

ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. పళ్లు తోముకుంటున్నా అదే, బస్సులో వేలాడుతున్నా అదే. వీణ్ణి నలుగురిలో నిలబెట్టి పరువు తీయకపోతే ఇన్నాళ్లు తాను పడ్డ పాటు దండగ అనుకుంది.

అంతలో ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రం వచ్చింది. ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ జడ్జి గారు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. మధ్యాహ్నం క్యాంటీన్లో ప్రూఫ్ రీడరుని పక్కన కూర్చోబెట్టుకుంది. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకు తిరిగే పిల్ల.

“ఎవరితోనూ అనకు. ఆ నూట పన్నెండులో ఒకటి నేను పుట్టించిన పేరు. అలకబావ. ముట్టుకుంటే మూతి ముడుచుకుంటుంది కదా, అందుకని. అచ్చులో పడనీ. సభలో లేచి, ‘ఈ పేరు మీకు ఏ ఊళ్లో ఎవరు చెప్పారు సార్’ అని అడుగుతాను.”

“నీ బుర్రే బుర్ర అక్కా,” అంది పిల్ల.

వారం తిరక్కుండా ఆ పిల్లకి ప్రమోషన్ వచ్చింది. వరండాలో అక్క ఎదురైతే చాలు, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోతోంది.

సభ రోజు హాలు గుమ్మంలో పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అట్ట మీద ఇప్పుడు ‘నూట పదకొండు పేర్లు’ అని ఉంది. చీటీలావిడ ఒకటి తీసి, పేజీలు తిప్పి, మళ్లీ దొంతరలో పెట్టేసింది. అలకబావ ఎక్కడా లేదు. వెళ్లి ఆఖరి వరసలో కూర్చుంది.

డైరెక్టరు ఆమెని చూసి మరీ మైకు అందుకున్నాడు. ఊరూరా తానే తిరిగానన్నాడు. ప్రతి పేరూ తన చెవులతో విన్నాకే రాశానన్నాడు. అప్పుడు జేబులోంచి ఒక అట్టచీటీ తీసి పైకెత్తి చూపించాడు.

“మా దగ్గర చీటీలు రాసే ఒకావిడ ఘనకార్యం ఇది. అలకబావట. శుద్ధ దొంగపేరు. ఈ పురుగుని ఇలా పిలిచే మనిషి భూమ్మీద లేడు. ఏరి పారేశాను.”

హాలంతా నవ్వింది. ప్రూఫ్ రీడరు తల దించుకుంది. చీటీలావిడ మాత్రం దించుకోలేదు. ఒళ్లో సంచీని రెండు చేతులా పట్టుకుని వేదిక వంకే చూస్తూ కూర్చుంది.

ఆ నవ్వులతో డైరెక్టరుకి హుషారు ఎక్కువైంది. చీటీని ముఖ్య అతిథి చేతిలో పెట్టాడు.

“తమరే తీర్పు చెప్పాలి.”

జడ్జి గారు నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని పేరు చదివారు, అర్థం చదివారు, ఆ తర్వాత చీటీని వెనక్కి తిప్పారు: పద్దెనిమిదేళ్ల కిందట తమ పెరట్లో, పూలకుండీల మధ్య, బురద మోకాళ్లతో కూర్చున్న ఒకావిడకి ఆ పేరు చెప్పి తాము పెన్సిలుతో పెట్టిన సంతకం అక్కడ అలాగే ఉంది.