ఇరవై ముక్కల ఇంగ్లీషు

కాస్త దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

"ఆదెమ్మా, మళ్ళీ చెప్పు. హౌ ఆర్ యూ అంటే?"

"అయాం ఫైన్."

"ఎనీ ప్రాబ్లం అంటే?"

"నో ప్రాబ్లం."

"అది నవ్వుతూ చెప్పాలి. ఎవరో పోయినట్టు ఆ మొహమేంటి?" అన్నాడు త్రినాథ్.

నల్లపాడు అవతల మిరపకాయల షెడ్డు అది. నలభై మంది ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఎండుకాయకు తొడిమలు తీస్తారు. త్రినాథ్ వాళ్ళ మేనేజరు. వారం రోజుల్లో కాయ కొనే దొరసాని విదేశం నుంచి వస్తుందట, పనివాళ్ళను స్వయంగా పలకరిస్తుందట. అందుకని ఇరవై ఇంగ్లీషు ముక్కలు తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించి అందరికీ పంచాడు. గుడ్ మార్నింగు, థాంక్యూ, గ్లాడ్ టు మీట్ యూ, వుయ్ ఆర్ హ్యాపీ. రోజూ అన్నాలకు ముందు పాఠం.

పాఠంలో ఆఖరిది షేక్ హ్యాండ్.

"ఒట్టి చేత్తో ఇవ్వాలి. గ్లౌజు తీసి ఇవ్వడం మర్యాద."

"గ్లౌజులు ఎక్కడున్నాయి సారూ?" అంది రెబ్కా.

"ఆ రోజుకు ఇస్తాంలే."

తొడిమలు తీసే చేతులు సబ్బుకు లొంగవు. అందుకే ఈ పని చేసే ఆడవాళ్ళు కారం చేత్తో ఎవరినీ తాకరు. ఇంటికి చుట్టం వచ్చినా చేతులు వెనక్కి పెట్టుకునే పలకరిస్తారు. షెడ్డులో చేతులు కడగడానికి చుక్క నీళ్ళు లేవు. ఆదెమ్మ ముప్పై ఏళ్ళుగా అన్నం క్యారియరుతో పాటు ఒక సీసా మజ్జిగ తెచ్చుకుని, పని దిగాక దానితో రుద్దుకుంటుంది. రెబ్కాకు అయిదు నెలల పాప. ఒకసారి ఆత్రం ఆగక, ఇంటికి వెళ్ళగానే ఎత్తుకుంది. పాప మొహం రెండు రోజులు కందిపోయి ఉంది. అప్పటి నుంచి పాప ఏడుస్తున్నా దూరంగా నిలబడి చూస్తుంది.

రెబ్కా వాళ్ళ తమ్ముడి దగ్గర ఇంకో ముక్క రాయించుకుని వచ్చింది. వుయ్ హావ్ నో వాటర్. నోట్లో గొణుక్కుంటుంటే త్రినాథ్ విన్నాడు. చీటీ లాక్కుని చింపేశాడు.

"కాగితంలో లేని ముక్క ఒక్కరి నోట వచ్చినా నలభై మందీ ఇంటికే. సీజను మొత్తం."

అతను వెళ్ళాక రెబ్కా కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఈ ఇరవైలో మాకిది లేదు అని చెప్పే మాట ఒక్కటీ లేదే."

"లేదుగా. ఉన్నవే నేర్చుకుందాం" అంది ఆదెమ్మ.

అన్నట్టే నేర్చుకుంది. ఆటోలో వల్లించింది, పొయ్యి దగ్గర వల్లించింది. త్రినాథ్‌ను ఆపి మరీ అడిగింది.

"షేక్ హ్యాండ్ ఎంతసేపు పట్టుకోవాలి బాబూ?"

"గట్టిగా పట్టుకుని మూడుసార్లు ఊపు. చూడండే, అరవై ఏళ్ళ మనిషికి ఉన్న బుద్ధి మీకు లేదు" అని ఆమెను వరసలో మొదట నిలబెట్టాడు.

"మేనేజరు గారి పెద్ద కూతురు వస్తోంది, దారి ఇవ్వండి" అని ఆడవాళ్ళు దెప్పారు. రెబ్కా ఆమెతో మాట్లాడటం మానేసింది. ఆదెమ్మ తన ముక్కలు వల్లిస్తూనే ఉంది.

దొరసాని వచ్చే రోజుకు గోడకు కొత్త సింకు, రెండు కుళాయిలు వెలిశాయి. వెనకాల పైపు మాత్రం లేదు. అందరికీ గ్లౌజులు పంచారు. ఇంటి దగ్గరే చేతులు శుభ్రంగా కడుక్కుని రావాలని, దొరసాని వెళ్ళేదాకా కాయ ముట్టుకోవద్దని త్రినాథ్ ముందురోజే హెచ్చరించాడు. ఆదెమ్మ రెండు సీసాల మజ్జిగతో ఆటో దిగింది.

"ఇవాళ పనే లేదుగా, రెండెందుకు?" అన్నాడు త్రినాథ్.

"ఎండ చూడు బాబూ, ఎలా ఉందో."

దొరసాని రాగానే ఆదెమ్మ గ్లౌజు తీసింది. "గ్లాడ్ టు మీట్ యూ" అని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని మూడుసార్లు ఊపింది.

"ఎనీ ప్రాబ్లం?"

"నో ప్రాబ్లం" అంది నవ్వుతూ. రెబ్కా తల దించుకుంది.

దొరసాని అదే చేత్తో బుగ్గ మీది చెమట తుడుచుకుంది. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి మొహం జేవురించింది. చెయ్యి విదిలిస్తూ కుళాయి దగ్గరికి పరుగెత్తింది. ఒకటి తిప్పింది, రాలేదు. రెండోది తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది.

ఆదెమ్మ సీసా మూత తీసి ఆమె అరచేతిలో మజ్జిగ పోసింది. కొంగు తడిపి బుగ్గకు అద్దింది. ఒక సీసా అయిపోయింది, రెండోది తీసింది.

"ఈవిడ చేతులు కడుక్కోలేదా?" అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది.

త్రినాథ్ గబగబా అడ్డొచ్చాడు. "అందరూ కడుక్కునే వచ్చారు మేడం, పొద్దుటి నుంచి కాయ ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు.

"కడిగినా ఇంత మంటా?"

దొరసాని బారులో ఉన్న చేతులన్నీ చూసింది. రెబ్కా ఒక అడుగు ముందుకు వేసింది. రెండు చేతులూ పాపను ఎత్తుకున్నట్టు పెట్టి, ఒక్కసారి ఊపి, వెంటనే వెనక్కి దాచుకుంది. దొరసానికి అర్థమైంది. కుళాయిలో నీళ్ళు, రోజూ చేతికి గ్లౌజులు వచ్చేదాకా ఒక్క బస్తా కూడా తీసుకోనని అక్కడే చెప్పింది.

పది రోజుల్లో నీళ్ళు, గ్లౌజులు వచ్చాయి. రెబ్కా ఇప్పుడు ఇంటికి వెళ్ళగానే పాపను ఎత్తుకుంటోంది.

ముప్పై ఏళ్ళ కారం ఆ ముసలమ్మ చర్మంలో ఇంకిపోయింది, ఎంత కడిగితే మాత్రం పోతుందా అని త్రినాథ్ ఇవాళ్టికీ అంటాడు. అందరూ అదే నమ్ముతారు. మీరు గుర్తు పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి, ఆఖరి ముక్క మాత్రం త్రినాథ్ చెవిన పడనివ్వకండి.

ఆ పొద్దున ఆదెమ్మ గుప్పెడు కాయలు చేతుల్లో నలుపుకునే ఇల్లు కదిలింది.