చెల్లెలి కాపలా

“నోరు తెరువు,” అంది చెల్లెలు.

అక్క పెదాలు బిగించింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, చంటిపిల్లలా తల అడ్డంగా ఊపింది.

“తెరుస్తావా, నన్ను తెరవమంటావా?”

తెరవలేదు. చెల్లెలు ఎడమచేత్తో అక్క దవడలు నొక్కిపట్టి, కుడిచేతి వేలు లోపలికి పోనిచ్చి, నాలుక కింద దాచిన మాత్రను బయటికి లాగింది. అప్పటికే సగం కరిగింది. దాన్ని సబ్బునీళ్ళ తొట్టిలోకి విసిరి, వేలు కొంగుకు తుడుచుకుంది.

“ఎవరిచ్చారు?”

“పక్కింటావిడ.”

“ఆవిడ సంగతి తర్వాత చూస్తా. నీ కాలేయానికి ఈ నొప్పి మాత్రలు విషమని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదే అక్కా! ఇంకో నాలుగు వారాలు. నా కాలేయంలోంచి ముక్క కోసి నీకు పెడతారు. అందాకా ఓపిక పట్టలేవా?”

“ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్తావు,” అంది అక్క. “దుక్కలా ఉన్నావు. నొప్పంటే ఏమిటో నీకేం తెలుసే?”

చెల్లెలు తడి దుప్పట్ల మూట భుజానికెత్తుకుని, ఆరేయడానికి మేడమెట్లు ఎక్కిపోయింది.

లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఇవ్వడం అక్కాచెల్లెళ్ళ పని. అక్క పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టలేదు. అయినా తాగుబోతులకు వచ్చే జబ్బే వచ్చి కాలేయం గట్టిపడిపోయింది. అది చాలదన్నట్టు ఎముకలు గుల్లబారి, వెన్నులో ఒక పూస నలిగింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి జ్వరం మాత్ర వేసుకోవచ్చు, అంతకుమించి వద్దంది డాక్టరమ్మ. మిగిలిన నొప్పిని అక్కే ఎలాగోలా సంబాళించుకోవాలి.

ఆ రోజు నోట్లో వేలుపెట్టించుకున్న అవమానం అక్కకు మాత్రకన్నా ఎక్కువ పనిచేసింది. సరే, చూపిస్తాను దీనికి, అనుకుంది.

మర్నాటి నుంచి నొప్పితో బేరం పెట్టుకుంది. పది గలీబులు మడతపెడతాను, అందాకా ఊరుకో. పది కాగానే నేలమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, గోడ గడియారంలో పది నిమిషాలు చూసేది. మళ్ళీ లేచి ఇంకో పది. వేడినీళ్ళ బ్యాగు నడుముకు కట్టుకుని సందు చివరిదాకా నడిచేది. ఒకరోజు వెళ్ళినంత సులువుగా వెనక్కి రాలేక కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోతే, కూరలమ్మే ఆవిడ “ఏమ్మా, స్తంభం పడిపోతుందని పట్టుకున్నావా?” అంది. అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే వెన్నులో సూదులు గుచ్చుకున్నాయి. అయినా నవ్వింది.

కొన్ని పూటలు ఏ బేరమూ కుదిరేది కాదు. అప్పుడు దిండు పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి నాలుగంకెలు పీల్చి ఆరంకెలు వదిలేది. మేడమీద చెల్లెలు దుప్పట్లు దులిపే చప్పుడు ఫటఫటా వినిపించేది. అది అట్లా తిరుగుతోంది, నేనిట్లా పడున్నాను, అని కుళ్ళుకునేది. కుళ్ళుకున్నందుకు మళ్ళీ తన్ను తనే తిట్టుకునేది.

పక్కింటావిడ రెండుసార్లు గోడమీంచి చెయ్యి చాపింది. “ఒక్కటేలేమ్మా, ఎవరికీ తెలీదు.” అక్క రెండుసార్లూ ఆ చేతిని వెనక్కి తోసింది.

నాలుగు వారాలు గడిచాయి. ఆపరేషన్‌కు ముందు ఆఖరి పరీక్షలు ఇద్దరికీ చేశారు. మూడోరోజు డాక్టరమ్మ ఇద్దర్నీ గదిలోకి పిలిచి, అక్క కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది.

“నేననుకున్న దానికన్నా బాగున్నాయమ్మా మీవి. ఒక్క నొప్పి మాత్ర కూడా వేసుకోలేదు కదూ?”

“ఒక్కటి కూడా లేదండీ. ఇదిగో, ఈ పోలీసమ్మ ఉండగా వేసుకోనిస్తుందా!”

చెల్లెలి మోచేతిని పొడిచింది అక్క. చెల్లెలు నవ్వలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడింది.

డాక్టరమ్మ కాగితాలు మూసింది. “కానీ ఈ ఆపరేషన్ చెయ్యలేను.”

“అదేమిటండీ!” అక్క సగం లేచింది. నడుము కలుక్కుమంటే బల్ల అంచు పట్టుకుంది. “మీరు చెప్పిందల్లా చేశాను. ప్రాణం పోతున్నా ఓర్చుకున్నాను. ఇంకేం చెయ్యాలి నేను?”

“మీరు చెయ్యాల్సింది చేశారమ్మా. అడగాల్సింది మిమ్మల్ని కాదు.” డాక్టరమ్మ రెండో ఫైలు తెరిచి, చెల్లెలి వైపు తిరిగింది. “నాలుగు నెలల కిందట మీ కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయి. ఇప్పుడు బాగా దెబ్బతిన్నాయి. ఇలాంటి మనిషిని కోసి కాలేయం తియ్యలేను. నిజం చెప్పండి. నొప్పి మాత్రలు రోజుకు ఎన్ని మింగుతున్నారు?”

చెల్లెలు అక్కను చూడకుండా తలవంచుకుంది.

“ఆరండీ... కాలేయం చెడ్డవాళ్ళకే అవి పడవనుకున్నాను. అక్క మోసే మూటలు కూడా ఈ నడుమే మొయ్యాలిగా!”