చదవని వాక్యం

“ఎందుకు ఆగిపోయావు? చదువు,” అంది ఎలినార్.

దేదీప్య స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. మేరీలాండ్‌లో ఆమె ఎమ్మెస్ చదువుతున్న యూనివర్సిటీ లైబ్రరీ అది. పాత రికార్డుల గదిలో ఆమెకు పార్ట్‌టైమ్ పని. పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు పాత వీలునామాలు, భూమి పత్రాలు తీసి చూపించాలి. చేతిరాత అర్థం కాకపోతే చదివి పెట్టాలి. ఎనభై దాటిన ఎలినార్‌కు చూపు సరిగ్గా ఆనదు. అందుకే పక్కన కూర్చుని వింటోంది.

స్క్రీన్ మీద ఉన్నది శామ్యూల్ క్రాఫ్ట్ అనే పొగాకు ఆసామి 1741లో రాయించిన వీలునామా. పెద్దకొడుక్కి నది పక్కన రెండువందల ఎకరాలు, చిన్నకొడుక్కి మెట్ట పొలం, భార్యకు ఇల్లు. అంతవరకు దేదీప్య తడుముకోకుండా చదివింది. తర్వాతి వాక్యం కూతురు యాన్ గురించి.

‘నా కూతురు యాన్‌కు ఒక ఈకల పరుపు, రెండు పాడి ఆవులు, మోల్ అనే నా ఈస్ట్ ఇండియా పిల్ల, దానికి ఇకమీద పుట్టే సంతానం.’

దేదీప్యకు చెవులు వేడెక్కాయి. మౌస్ మీద ఉన్న తన చేతిని ఒకసారి చూసుకుంది. “కూతురు యాన్‌కు ఒక ఈకల పరుపు, రెండు పాడి ఆవులు,” అని చదివి, పేజీ కిందికి జరిపేసింది. “ఆ తర్వాత సాక్షుల సంతకాలు.”

“అంతేనా?”

“అంతే.”

“ఇంకెవరి పేరూ లేదా? ఇందులో మావాళ్ళు ఉండాలి.”

“భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు. అందరి పేర్లూ చదివాను మేడమ్.”

ఎలినార్ పెన్సిల్‌ని నోట్‌బుక్‌లో పెట్టి మూసేసింది. “ఆ పొలాల కాగితాలు చూశాను. చర్చి పుస్తకాలూ చూశాను. ఇక మిగిలింది ఇదొక్కటే. మళ్ళీ ఇంత దూరం రాలేను,” అంది. దేదీప్య భుజం పట్టుకుని లేచి, థాంక్స్ చెప్పి, తనను తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురి వెంట మెల్లగా వెళ్ళిపోయింది.

ఆ థాంక్స్ దేదీప్యకు ముల్లులా గుచ్చుకుంది. ఉండబట్టలేక వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ రఘువీర్ స్కానింగ్ చేస్తున్నాడు. అతనిది కరీంనగర్. పీహెచ్‌డీ చేస్తూ ఈ గది బాధ్యత చూస్తున్నాడు.

“ఏమైంది? మొఖం అట్ల పెట్టినవేంది?”

“అన్నా, ఆ పెద్దావిడకి విల్ చదువుతూ ఒక లైన్ స్కిప్ చేశాను.”

“ఎందుకు?”

“వాళ్ళ పూర్వీకులు ఒక ఆడపిల్లని ఆవులతో పాటు కూతురికి రాసిచ్చారు. పాపం, ఆ వయసులో ఆవిడకి నా నోటితో ఎలా చెప్పను?”

రఘువీర్ తన కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి చదివాడు.

“ఈస్ట్ ఇండియా అంటే మన దిక్కే. అప్పట్ల ఓడలల్ల బానిసలుగ తోలుకొచ్చిన్రు,” అన్నాడు.

“తెలుసు.”

“ఇది రికార్డ్, దేదీప్యా. ఎడిట్ చేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. ఒక్కటి చెప్పు. ఆమె బాధపడతదని స్కిప్ చేసినవా, నీకు నామోషీ అనిపించి చేసినవా?”

ఆ వాక్యం చూసినప్పుడు దేదీప్యకు ఎలినార్ బాధ గుర్తే రాలేదు. ఈస్ట్ ఇండియా అనగానే ఆ తెల్ల ముసలావిడ తల తిప్పి తన ముఖం వైపు చూస్తుందని భయపడింది. ఆ చూపు తప్పించుకోవడానికి అబద్ధం ఆడింది. పెద్దావిడ మీద జాలి అన్నది తర్వాత అల్లుకున్నదే. దాదాపు మూడువందల ఏళ్ళుగా ఆ పిల్లకు మిగిలింది రెండక్షరాల పేరు. దాన్ని కూడా తను మింగేసింది. తన ఊరి పిల్లో, పక్క ఊరి పిల్లో. తన పోలికలున్న పిల్ల. క్రాఫ్ట్ అయినా కనీసం ఆమె పేరు రాయించాడు.

దేదీప్య కోటు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. పార్కింగ్‌లో ఎలినార్ అప్పటికే కార్లో కూర్చుంది. కూతురు సీట్‌బెల్ట్ పెడుతోంది.

“మేడమ్, ఒక్క నిమిషం. నేను మీకు అబద్ధం చెప్పాను.”

కూతురు చిరాగ్గా చూసింది. ఎలినార్ చేయెత్తి ఆమెను ఆపింది.

“ఒక వాక్యం చదవలేదు. అందులో ఇంకో పేరుంది. మోల్. ఈస్ట్ ఇండియా నుంచి తెచ్చిన పిల్ల. ఆవులతో పాటు ఆమెను, ఆమెకు పుట్టబోయే బిడ్డల్ని క్రాఫ్ట్ తన కూతురికి రాసిచ్చాడు.” దేదీప్య కారు తలుపు పట్టుకుంది. “మీ కుటుంబం పరువు కాపాడాలని కాదు మేడమ్. ఆమె మా దేశం మనిషి అని చదవడానికి నాకే సిగ్గేసింది. క్షమించండి.”

ఎలినార్ ముఖంలో రంగు పోయింది. ఆ పెద్దావిడను ఇంకా బాధపెట్టానని దేదీప్య తల దించుకుంది.

ఎలినార్ కార్లోంచి చేయి చాచి దేదీప్య చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఆ క్రాఫ్ట్ నాకేమీ కాడమ్మా,” అంది. “నేను వెతికింది మోల్ కోసమే. ఆమె మా అమ్మమ్మ. ఎనిమిది తరాల కిందటి మా అమ్మమ్మ.”