అక్క వాటం

మౌస్ చక్రం కిందికి తిప్పితే పేజీ కూడా కిందికే రావాలనేది అక్క. పైకి పోవాలనేది చెల్లెలు. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్ కావడంతో ఆ సెట్టింగ్ మీద రోజూ గొడవే.

అక్క పోయి నెల తిరిగింది. చెల్లెలు తన వాటానికి మార్చుకున్న సెట్టింగ్ తెల్లారేసరికి అక్క వాటానికి మారిపోతోంది.

"బావా, నువ్వేమన్నా మారుస్తున్నావా?"

"ఆ కంప్యూటర్ గదిలోకి పోవడానికే కాళ్లాడట్లేదమ్మా నాకు."

ఆ రాత్రి ఆమె సెట్టింగ్‌ను అక్క వాటానికే ఉంచి, లైటార్పి, గోడవారన కూర్చుంది.

"ఇక నీ ఇష్టమేనే అక్కా. వెళ్లిపోకు, చాలు," అని ఏడ్చింది.

చీకట్లో మౌస్ టిక్కుమంది. తెర వెలిగింది. సెట్టింగ్ చెల్లెలి వాటానికి మారింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది. బతికుండగా అక్క ఒక్కనాడూ తనకు తగ్గలేదు. అంటే, ఇన్నాళ్లూ వస్తున్నది అక్క కాదు.

కంప్యూటర్ ముందున్న ఖాళీ కుర్చీ కిర్రుమంటూ ఆమె వైపు తిరిగింది.